నీ అర్జీలో ఒక మనిషి తగ్గాడు

చిరంజీవి అమ్మడుకి మావయ్య ఆశీస్సులు.

ట్రాఫిక్ పోలీసు మీద నువ్వు వాట్సాప్‌లో పంపిన అర్జీ ముసాయిదా చూశాను. ఎదురింటి కుర్రాడి చేత ప్రింటు తీయించి, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. మేజిస్ట్రేటు కోర్టులో బెంచి క్లర్కుగా జుట్టు నెరిసినవాడికి కాగితం చేతిలో లేకపోతే బుర్ర పనిచెయ్యదు. ఫోన్లో చెప్పొచ్చు గానీ, నువ్వు "సరే మావయ్యా, సరే" అంటూనే లాప్‌టాప్ చూసుకుంటూ ఉంటావు. అందుకే ఉత్తరం.

అడిగినదానికి ముందు జవాబు. ఫిర్యాదు చెయ్యి. "ఆడపిల్లవి, పోలీసులతో మనకెందుకు" అని మీ నాన్న అన్నాడట. బావ భయాన్ని తేలిగ్గా తీసిపారెయ్యను. స్టేషన్ల చుట్టూ తిరిగి చెప్పులరగ్గొట్టుకున్నవాళ్ళని నేనూ చాలామందిని చూశాను. అయినా చెయ్యి. కాకపోతే నువ్వు రాసిన ఈ కాగితం మాత్రం పంపకు.

హెల్మెట్ సంగతి ముందు తేల్చుకుందాం. అది స్కూటీ ముందు కొక్కేనికి వేలాడుతోంది, నెత్తిన లేదు. "ఇల్లు రెండు వీధుల అవతలే కావడంతో" అని రాశావు చూడు, అది కొట్టేశాను. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్లో రెండు వీధులకి మినహాయింపేమీ లేదు. 2019 సవరణ తర్వాత 194డి కింద 1000 రూపాయల జరిమానా, మూడు నెలల పాటు లైసెన్సుకు అనర్హత దాకా ఉంది. చలానా ఎంత వేస్తారన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, అది వేరే మాట. (అదే సవరణలో 210బి అని ఇంకొకటి పెట్టారు. చట్టాన్ని అమలు చేయాల్సిన అధికారే దాన్ని ఉల్లంఘిస్తే జరిమానా రెట్టింపు. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరెందుకో.) నువ్వు చలానా కట్టెయ్యి. రసీదు అర్జీకి జత చెయ్యి. మొదటి వాక్యం ఇలా ఉండనీ: "నేను హెల్మెట్ పెట్టుకోకుండా బండి నడిపాను. నన్ను ఆపడం సబబే. జరిమానా కట్టాను."

నీ స్నేహితులు దీన్ని చేతగానితనం అంటారు. అననీ. తన తప్పు తానే ముందు ఒప్పుకున్నవాడి కాగితం చదివే అధికారి తరవాతి వాక్యాన్ని కాస్త నిదానంగా చదువుతాడు. తప్పు దాచినవాడి ఫిర్యాదుకి అవతలివాళ్ళ సంజాయిషీ ఎప్పుడూ ఒకటే: "చలానా వేశానన్న కక్షతో చేసిన ఆరోపణ." ఆ వాక్యం వాళ్ళకి కంఠతా వచ్చు. నీ రసీదు చూశాక అది రాయడానికి చెయ్యి రాదు.

ఇక అసలు సంగతి. "సదరు అధికారి అత్యంత అసభ్యంగా, అహంకారపూరితంగా, అమానుషంగా ప్రవర్తించారు" అని రాశావు. మూడు విశేషణాలున్నాయి, ఒక్క సంఘటన లేదు. విచారణ చేసేవాడు ఏం పట్టుకుని విచారిస్తాడు? ఆ రాత్రి నాకు ఫోన్ చేసినప్పుడు మాత్రం అతనన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పావు. "ఏయ్, దిగు. ఈ టైముకి ఒంటరిగా ఎక్కడ తిరిగొస్తున్నావ్? మీ నాన్న నంబరియ్యి, నీ సంగతి చెప్తా." ఇవే రాయి, కొటేషన్ గుర్తుల మధ్య. రాత్రి తొమ్మిది నలభై, సిగ్నల్ దాటాక మందుల షాపు ముందు అని రాయి. పక్కనున్న పళ్ళబండి అతను విన్నాడంటే అదీ రాయి. గుర్తులేనిదాన్ని గుర్తులేదనే రాయి. రిఫ్లెక్టర్ జాకెట్ కింద పేరుపలక కనబడలేదన్నావు. "పేరు కనబడలేదు, భుజం మీద రెండు నక్షత్రాలున్నాయి" అంటే సరిపోతుంది, ఎస్సై అని తెలుస్తుంది. చలానా మీద తేదీ, వేళ, చోటు ఉంటాయి కదా, ఆ వేళకి అక్కడ డ్యూటీ ఎవరిదో వాళ్ళ రిజిస్టరే చెబుతుంది.

తాళం చెవి సంగతి కూడా అంతే పొడిగా రాయి. యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్సు చూపించాలని 130వ సెక్షన్ అంటుంది. కాగితాల్లేని బండిని ఏయే సందర్భాల్లో నిలిపి ఉంచవచ్చో 207లో ఉంది. హోంగార్డు అడ్డంగా వచ్చి, ఇంజను ఆగకముందే తాళం పీకెయ్యమని ఎక్కడా లేదు. డిజిలాకర్లో లైసెన్సు చూపిస్తే "ఒరిజినల్ ఏదీ" అన్నాడన్నావు. డిజిలాకర్, ఎం-పరివాహన్ యాప్‌లలో ఉన్న లైసెన్సుని అసలుతో సమానంగా చూడమని కేంద్ర రవాణా శాఖ 2018లోనే రాష్ట్రాలకు చెప్పింది. ఈ రెండు ముక్కలూ చాలు. నువ్వు ఇంటర్నెట్‌లోంచి ఎత్తి రాసిన రాజ్యాంగం పేరా మొత్తం తీసేశాను.

నాలుగో పేరాలో "పరోక్షంగా లంచం అడిగారు" అని ఒక వాక్యం ఉంది. అమ్మడూ, ఇది ఎక్కడిది? ఫోన్లో ఆ ఊసే ఎత్తలేదే నువ్వు. నీ స్నేహితుడెవరో "అది కలిపితే కేసు గట్టిగా నిలబడుతుంది" అని ఉంటాడు. నిజంగా అడిగి ఉంటే నేనే దగ్గరుండి ఏసీబీకి ఫోన్ చేయించేవాణ్ణి. అడగనప్పుడు ఆ వాక్యం రాయడం అబద్ధం. ప్రభుత్వోద్యోగి చేత ఎదుటివాడికి కీడు చేయించాలని తెలిసి తెలిసీ తప్పుడు సమాచారమివ్వడం న్యాయ సంహిత 217వ సెక్షన్ కింద నేరం. చట్టం మాట అటుంచు. అతను నిన్ను అనరాని మాట అన్నాడని కదా నీ బాధ? చెయ్యని పని అతనికి అంటగడితే, రేపు అతని కూతురు వాళ్ళ నాన్న గురించి ఇలాంటి ఉత్తరమే వాళ్ళ మావయ్యకి రాస్తుంది, న్యాయం ఆ పిల్ల పక్షాన ఉంటుంది.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన చోటుకి వస్తాను. "నేను ప్రముఖ బహుళజాతి సంస్థలో టీం లీడ్‌గా పనిచేస్తున్నాను. ఉన్నత విద్యావంతురాలిని. గౌరవప్రదమైన కుటుంబానికి చెందిన నాతో ఇలా వ్యవహరించడం..." ఎర్ర పెన్ను ఇక్కడ కాగితాన్ని చించినంత పని చేసింది. చదువుకోని పిల్లయితే అలా మాట్లాడొచ్చా? పాచిపని ముగించుకుని రాత్రి తొమ్మిదింటికి ఇంటికి పోయే ఆవిణ్ణి "ఎక్కడ తిరిగొస్తున్నావ్" అంటే ఫర్వాలేదా? నీ వాక్యానికి ఆ అర్థమే వస్తోంది. ఆ ఎస్సై కూడా మనుషుల్ని అలాగే కొలిచాడు. కారు అద్దం దించినవాణ్ణి సార్ అన్నాడన్నావు, స్కూటీ పిల్లని ఏయ్ అన్నాడు. నువ్వు నీ కొలత తప్పు వేశాడంటున్నావు తప్ప, కొలవడమే తప్పు అనడంలేదు.

స్కూటీ పిల్ల తరవాత ఇంకొకడు ఉన్నాడు కదూ. నువ్వే చెప్పావు ఆ రాత్రి, గొంతు వణుకుతుంటే. డెలివరీ కుర్రాడు, మీ అపార్టుమెంటుకి ఎప్పుడూ భోజనాలు తెచ్చేవాడే. ఆ ఎస్సై చొక్కా పట్టుకుని చెంప మీద కొట్టాడు, సంచీ కింద పడింది, డబ్బా మూత ఊడి పులుసు రోడ్డు పాలైంది, అతను ముందు చెంప తడుముకోకుండా డబ్బా ఎత్తుకున్నాడు అన్నావు. అంత దగ్గరగా చూసినదానివి, రెండు పేజీల అర్జీలో అతని గురించి ఒక్క అక్షరం రాయలేదు. నిన్ను మాట అన్నారు, అతన్ని కొట్టారు. రెండిట్లో ఏది పెద్దదో నీకు నేను చెప్పాలా? చెంపదెబ్బ శాఖలో మందలించి వదిలేసే వ్యవహారం కాదు, సామాన్యుడు కొట్టినా పోలీసు కొట్టినా నేరమే.

ముందు అతన్ని కలుసుకో. తను కంపెనీకి ఏం జవాబు చెప్పుకున్నాడో, ఆ పూట ఎంత పోయిందో అడుగు. ఫిర్యాదులో పేరు పెట్టనా అని అడుగు. వద్దంటే బలవంతం చెయ్యకు. రోజూ అదే కూడలి మీదుగా పోవాల్సినవాడు అతను, నువ్వు కాబ్ బుక్ చేసుకోగలవు. పేరు లేకుండానే, నువ్వు కళ్ళతో చూసిన సాక్షిగా ఆ సంఘటన రాయి. ఒప్పుకుంటే మాత్రం అతని చేత వేరే అర్జీ రాయించు, నీ భాషలో కాదు, అతని మాటల్లోనే.

ఆ రాత్రి అక్కడ ఒక కానిస్టేబుల్ కూడా ఉన్నాడన్నావు. తాళం చెవి తెచ్చి నీ చేతిలో పెట్టి "పోమ్మా, హెల్మెట్ పెట్టుకుని పో" అన్నాయన. ఆయన గురించీ రాయి. ఒకే చోట, ఒకే పొగలో, ఒకే ఎండకి వానకి నిలబడ్డ ఇద్దరిలో ఒకరు మర్యాదగా ఉండగలిగారంటే, రెండో ఆయన అలసటని సాకుగా చెప్పడం కుదరదు. పైగా మనం పోలీసులందరినీ ఒకే గాటన కట్టడం లేదని చదివేవాడికి తెలుస్తుంది.

పంపే చోటు గురించి కంగారు పడకు. నగరం కాబట్టి ట్రాఫిక్ డీసీపీకి ఒకటి, కమిషనర్‌కి ఒక కాపీ. జిల్లాలో అయితే ఎస్పీకి. సోమవారం గ్రీవెన్స్‌లో స్వయంగా ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. పోస్టులో పంపితే స్పీడ్ పోస్టులో పంపు. మా రోజుల రిజిస్టర్డ్ పోస్టుని 2025లో అందులోనే కలిపేశారు. ఆ కూడలి కెమెరా ఫుటేజీ భద్రపరచమని అర్జీలోనే విడిగా ఒక వాక్యం రాయి, ఎందుకంటే పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కిపోతుంది. నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే సమాచార హక్కు చట్టం కింద ఏం చర్య తీసుకున్నారని అడుగు, 30 రోజుల్లో చెప్పాలి. పైన రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ ఉంది, జరిగిన ఏడాదిలోపు వెళ్ళాలి. ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు జిల్లాకొక పోలీసు ఫిర్యాదుల సంస్థ పెట్టమంది, డీఎస్పీ దాకా ఉన్నవాళ్ళ మీద ఫిర్యాదులు వినడానికి. ఆ కేసు వేసిన ప్రకాశ్ సింగ్ కూడా పోలీసే, రిటైరైన డీజీపీ. రాష్ట్రాలు ఆ తీర్పుని ఎంత నత్తనడకన అమలు చేశాయో తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. అయినా మొదటి మెట్టు ఎక్కకుండా పై మెట్టు మాటెందుకు?

"సస్పెండ్ చేయాలని డిమాండ్ చేస్తున్నాను" అన్నది కొట్టేశాను. శిక్ష ఏమిటన్నది తేల్చాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. విచారించమను, ఏం తేలిందో నాకు రాతపూర్వకంగా తెలపమను. అంతవరకే.

అక్కయ్య ఇంకో మాట చెప్పింది. బావ స్నేహితుడి అల్లుడు డీఎస్పీ అట, ఒక్క ఫోన్ కొడితే ఎస్సై ఇంటికొచ్చి సారీ చెప్పి పోతాడట. నీకూ మనసు లాగుతోందని విన్నాను. వద్దు. ఆ ఫోన్ వల్ల ఆ ఎస్సై ఏం నేర్చుకుంటాడు? చెయ్యెత్తే ముందు ఎవరి తాలూకో కనుక్కోవాలని. ఎవరి తాలూకూ కానివాడి చెంప అప్పుడు ఇంకాస్త గట్టిగా పగులుతుంది. పైరవీతో వచ్చే క్షమాపణకి రికార్డు ఉండదు, రేపు ఇంకొకడు ఫిర్యాదు చేస్తే "ఇది రెండోది" అని చెప్పేందుకు ఫైలూ ఉండదు.

నీ స్నేహితురాలు తీసిన వీడియో ఉందన్నావు. నడిరోడ్డు మీద డ్యూటీలో ఉన్న పోలీసుని, అతని పనికి అడ్డు రాకుండా, వీడియో తీస్తే నేరమనే చట్టం నేనెరిగి లేదు. పోలీసు స్టేషన్లో తీసినదే అధికార రహస్యాల చట్టం కిందికి రాదని 2022లో బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచి తేల్చింది. ఆ ఫోన్లోంచి అసలు ఫైలు చెరపనివ్వకు, కత్తిరించనివ్వకు; కాపీ ఒకటి అర్జీకి జత చెయ్యి. ఇన్‌స్టాగ్రామ్‌లో మాత్రం పెట్టొద్దు. అందులో ఆ కుర్రాడు దెబ్బ తినడం ఉంది. వాళ్ళ ఊళ్ళో వాళ్ళమ్మ ఫోన్లో అది చూడాలా వద్దా అన్నది అతను చెప్పాల్సిన మాట.

అర్జీ పడ్డాక "ఒకసారి స్టేషన్‌కి రండి మేడం, మాట్లాడుకుందాం" అని ఫోన్ వస్తుంది. అప్పుడు మేడం అంటారులే. రమ్మన్నది రాతపూర్వకంగా పంపమను, పగటి పూట, తోడుగా ఒకరిని తీసుకుని వెళ్ళు. కేసు దర్యాప్తులో ఆడవాళ్ళని సాక్షిగా విచారించాలంటే వాళ్ళున్న చోటికే వెళ్ళాలని నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షన్ ఉంది. నీది శాఖాపరమైన విచారణే అనుకో, ఆ మర్యాద అడిగితే తప్పులేదు. ఎస్సై నీ ఎదుట తప్పయిపోయిందన్నాడనుకో, నీకు సంబంధించినంతవరకు క్షమించాలనిపిస్తే క్షమించు. కుర్రాడి తరఫున రాజీ కాగితం మీద మాత్రం నువ్వు సంతకం పెట్టకు. ఆ దెబ్బ నీకు తగల్లేదు.

ఎర్ర గీతలున్న కాగితం ఫొటో తీసి పంపిస్తున్నాను. ఆదివారం లోపు కొత్తది రాసి పంపు, చూసి ఇస్తాను, సోమవారం పోస్టు చేద్దువుగాని. రాయడానికి కూర్చునే ముందు ఆ అబ్బాయిని కలిసి రా.

ఇట్లు,
మావయ్య