వానకు ముందు ఇల్లు: గృహస్థు ముందుచూపు ధర్మమా, మమకారమా?

మహీ నది ఒడ్డున కాపురమున్న ధనియుడనే పశువుల కాపరికీ బుద్ధుడికీ నడిచిన సంభాషణ ఒకటి పాలి భాషలోని సుత్తనిపాతంలో ఉంది. మబ్బు పట్టింది. ధనియుడు తన ఏర్పాట్లన్నీ వరసగా చెప్పుకుంటాడు. అన్నం వండుకున్నాడు, పాలు పితుక్కున్నాడు, గుడిసె కప్పుకున్నాడు, నిప్పు రాజేసుకున్నాడు. ఇక వాన ఎంత కురిసినా దిగులు లేదంటాడు. బుద్ధుడు అదే ధోరణిలో బదులిస్తాడు. తన గుడిసెకు కప్పు లేదు, నిప్పు చల్లారిపోయింది, ఆ ఒడ్డున ఉండేది ఒక్క రాత్రి. కురిసేదేదో కురవనీ అంటాడు. చివరికి వాన దిగుతుంది. పల్లమూ మెరకా ఏకమవుతాయి. ధనియుడు భార్యతో సహా బుద్ధుణ్ణి శరణు వేడతాడు.

ఈ కథలో ధనియుడు చేసిన తప్పేమిటి? గుడిసె కప్పుకోవడం తప్పని బుద్ధుడు ఎక్కడా అనలేదు. కప్పు ఉంది గనక దిగులు లేదనుకోవడాన్నే కదిలించాడు. ఇల్లూ వాకిలీ ఉన్న ప్రతివారికీ ఏటా వేసవి చివర ఎదురయ్యే ప్రశ్న ఇదే. కప్పు బాగుచేయించుకోవడం, పెరట్లో విత్తు నాటుకోవడం, నాలుగు రూకలు వెనకేసుకోవడం ధర్మంలో భాగమా, లేక మమకారానికి మర్యాదైన పేరా?

శాస్త్రగ్రంథాలు మొదటి చూపుకు గృహస్థు పక్షాన ఉన్నట్టు కనిపించవు. మనుస్మృతి నాలుగో అధ్యాయం బ్రాహ్మణ గృహస్థులను వారి నిల్వను బట్టి నాలుగు మెట్ల మీద నిలబెడుతుంది. గాదె నిండా ధాన్యమున్నవాడు కుసూలధాన్యకుడు, కుండెడు గింజలున్నవాడు కుంభీధాన్యకుడు. మూడు రోజులకు మాత్రమే ఉన్నవాడు ఆ తరవాత. రేపటికంటూ ఏమీ లేనివాడు అశ్వస్తనికుడు. వీరిలో ఒకరికన్నా ఒకరు గొప్పవారనీ, అందరికన్నా చివరివాడు మేలనీ తీర్పు. గాదె అంటే మూడేళ్ల గ్రాసమని కొందరు వ్యాఖ్యాతలు, పన్నెండు రోజుల గ్రాసమని మరికొందరు అర్థం చెప్పారు. అంటే ఎంత నిల్వ న్యాయమన్న తగవు ఆనాటి పండితులకూ తేలలేదు. భాగవతం ఏడో స్కంధం ఇంకా కటువుగా మాట్లాడుతుంది. నారదుడు ధర్మరాజుకు గృహస్థధర్మం చెబుతూ, కడుపు నిండడానికి కావలసినంతే మనిషికి సొంతమనీ, అంతకు మించినది తనదనుకున్నవాడు దొంగేననీ అంటాడు.

అయితే అదే మనుస్మృతి అంతకు ముందు అధ్యాయంలోనే, ప్రాణులన్నీ గాలిని ఆశ్రయించి బతికినట్టు తక్కిన ఆశ్రమాలవారు గృహస్థుణ్ణి ఆశ్రయించి బతుకుతారని చెప్పింది. బ్రహ్మచారి భిక్షకు వచ్చేది గృహస్థు గడపకే. ఆ పూట గాదె అడుగంటి ఉంటే ఇద్దరూ పస్తే. రేపటికి ఏమీ దాచుకోనివాడు రేపు తినగలుగుతున్నాడంటే, మరెవరో దాచి ఉంచారన్నమాట. త్యాగం గొప్పదే. దానికి అన్నం పెట్టే చెయ్యి మాత్రం గాదె తలుపు తీసేదే.

వానాకాలం ఈ సంగతిని బాగా తేటపరుస్తుంది. భిక్షువులు మొదట్లో వానల్లోనూ ఊళ్లు తిరిగేవారు. లేత గడ్డిని తొక్కేస్తున్నారని, చిన్న ప్రాణుల్ని చంపేస్తున్నారని, పక్షులు సైతం చెట్టు కొమ్మన గూడు కట్టుకుని వాన గడుపుతాయే అని జనం తప్పు పట్టారు. ఆ మాట విన్నాకే బుద్ధుడు మూడు నెలల వర్షావాసం విధించాడని వినయపిటకం చెబుతుంది. జైన మునుల చాతుర్మాస్యం, హిందూ యతులు ఆషాఢంలో మొదలుపెట్టే చాతుర్మాస్యం కూడా ఆ కోవలోవే. ఇల్లు విడిచినవాడికీ వానకు కప్పు కావలసి వచ్చింది. ఆ కప్పు వేసింది ఇల్లున్నవాళ్లు. 3వ శతాబ్దంలో నాగార్జునకొండలో చైత్యగృహం కట్టించిన బోధిసిరి అలాంటి ఒక ఉపాసిక. శాసనం వల్ల ఆమె పేరు నిలిచింది.

కాబట్టి నిల్వ చేయాలా వద్దా అన్నది అసలు చిక్కు కాదు. చిక్కంతా హద్దు దగ్గర ఉంది. ఎంతవరకు జాగ్రత్త, ఎక్కడి నుంచి ఆశ? తెలుగునాట గృహస్థులకు ఆ హద్దు గీసిపెట్టినవి ఋతువులే. ప్రతి పనికీ ఒక కార్తె ఉంది, ఒక పండగ ఉంది. ఆ వేళకు పని చేయాలి, వేళ దాటాక దాని గురించి బెంగపడటం మానాలి.

రోహిణి కార్తె మే నెలాఖరులో వస్తుంది. రోళ్లు పగిలే ఆ ఎండలోనే ఇంటి పైకప్పు చూసుకోవాలి, ఎందుకంటే డాబాకు పట్టిన నెర్రెలు పొడిగా ఉన్నప్పుడే కనబడతాయి, పూత పట్టేదీ అప్పుడే. జూన్ మొదటి వారం దాటి మృగశిర వచ్చాక ఎక్కితే కనిపించేది చెమ్మే. పెంకుటిల్లయితే జారిన పెంకులు సర్ది, పగిలినవి మార్చి, వాసాలకు చెద పట్టిందేమో వేలితో తట్టి చూడాలి. డొల్ల మోత వస్తే లోపల తినేసినట్టే. డాబా మీద అన్నిటికన్నా ముందు చూడవలసింది పిట్టగోడ మూలన ఉండే తూము. శిశిరంలో రాలిన వేపాకులు, ఎప్పుడో గాలిపటం వదిలేసిన దారపు ఉండ, పావురం ఈక కలిసి అక్కడ అరచేతి మందాన గట్టిపడి ఉంటాయి. మొదటి వానకు ఆ అట్ట వెనక నీరు జానెడెత్తు నిలుస్తుంది, నెర్రె వెతుక్కుని స్లాబులోకి దిగుతుంది, ఆశ్వయుజానికల్లా కింది గది గోడ మీద ఉబ్బిన సున్నంగా బయటపడుతుంది. పది నిమిషాలు చెయ్యి పెట్టి తీస్తే పోయే చెత్త అది. డాబా నీటిని ఇంకుడు గుంతకు మళ్లించే గొట్టమూ, పూడిపోయిన గుంతలోని గులకరాయీ అదే రోజు కడగవచ్చు. కురిసిన వానను తన నేలలోకి ఇంకించడం బావి పంచుకునే ఇరుగుపొరుగుకు కూడా చేసే ఉపకారం.

ఇంటిపనిలో హింస ఉందని పాతవాళ్లకు బాగా తెలుసు. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ అనే అయిదింటినీ గృహస్థు ఇంట్లోని వధస్థానాలని, పంచసూనలని ధర్మశాస్త్రం అంది. చీపురు తిప్పితే చీమ చస్తుంది, పొయ్యి రాజేస్తే కట్టెలోని పురుగు చస్తుంది. ఆ దోషానికి విరుగుడుగా చెప్పినవే పంచమహాయజ్ఞాలు: చదువు చెప్పడం, పితరులకు తర్పణం, దేవతలకు హోమం, భూతాలకు బలి, అతిథికి అన్నం. ఇల్లు ఉంచుకోవడమంటేనే కొంత రుణం నెత్తికెత్తుకోవడమని ఇందులోని భావం. ఈ మాటను చాలామంది ఆ యజ్ఞాలతో పాటు వదిలేశారు. వదలదగ్గది కాదు. ఎందుకంటే వేళకు చేసిన జాగ్రత్త హింసను తగ్గిస్తుంది. డెంగీ దోమ ఎక్కువగా నిలిచిన మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమగా ఎగరడానికి వారం పది రోజులు పడుతుంది. పూలకుండీ కింది పళ్లెం, వాడని బకెట్టు, కొబ్బరి చిప్ప వారానికోసారి బోర్లిస్తే దోమ పుట్టదు, పొగ పెట్టి చంపవలసిన అవసరమూ చాలావరకు రాదు. గోడ చెమ్మ ముందే ఆపితే చెదకు విషం పోసే అవసరమూ అలాగే తగ్గుతుంది.

పెరటి సంగతి మరీ ఆసక్తిగా ఉంటుంది. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో వాస్తువిద్య, భూగర్భజలం, వృక్షాయుర్వేదం అనే మూడు అధ్యాయాలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టాడు. ఇల్లు, నీరు, చెట్టు ఆయన లెక్కలో ఒకే కాపురం. తొలకరి పడగానే బీర, కాకర, ఆనప పాదులు, ఆషాఢ శ్రావణాల్లో చిక్కుడు, కార్తికం నాటికి ఆకుకూరలు, కాపు దిగిన మామిడికి ఎండుకొమ్మల నరికివేత. ఇదంతా తెలిసిన క్రమమే. తెలిసి కూడా తొందరపడేది పురుగు దగ్గర. చలి మొదలయ్యే వేళ చిక్కుడు చిగురు కొసన నల్లగా, జిగురుగా పేనుబంక పేరుకుంటుంది. కొస తిప్పి చూస్తే వాటి మధ్య ఎర్రటి డిప్ప మీద నల్లచుక్కలున్న అక్షింతల పురుగు నింపాదిగా వాటిని తింటూ కనిపిస్తుంది. కంగారుగా మందు కొడితే రెండూ పోతాయి. ముందుగా తిరిగి వచ్చేది పేనుబంకే. చిగురు తుంచేసి, నీళ్లు గట్టిగా చిమ్మి, మరీ ఎక్కువైతే వేపనూనె కలిపి చల్లితే చాలు. రెండు కొసలు పురుగుకు పోయాయని విచారించనక్కర్లేదు. భూతయజ్ఞం అంటే ఇంటివాడు తినేదానిలో తోటి ప్రాణులకు వాటా ఉందని ఒప్పుకోవడం. సంక్రాంతికి చూరుకు వరికంకుల కుచ్చు కట్టి పిచ్చుకలకు వదిలే పెద్దలు చేసింది ఆ యజ్ఞమే.

సంక్రాంతితో ధాన్యం ఇంటికి వస్తుంది, డబ్బు ప్రశ్నా వస్తుంది. పల్లెల్లో కొత్తగింజ గాదెలోకి వెళ్లే ముందు పాలేరుకు, చాకలికి, హరిదాసుకు, గంగిరెద్దులవాడికి కొలత పడేది. ఆ వరసకు శాస్త్రపు ఆధారమూ ఉంది. తెలుగునాట వైదిక కుటుంబాల్లో ఎక్కువమంది అనుసరించే ఆపస్తంబ ధర్మసూత్రం, అవసరమైతే గృహస్థు తనకూ భార్యకూ కొడుక్కూ తగ్గించుకోవచ్చు గాని పనిచేసే మనిషికి తగ్గించరాదంటుంది. నెల జీతం చేతికి రాగానే మొదట పనిమనిషి జీతం తీసి పక్కన పెట్టే ఇల్లు ఈ సూత్రం చదవకపోయినా పాటిస్తున్నట్టే.

మిగిలినదాన్ని ఎలా పంచుకోవాలో చెప్పిన లెక్కలు రెండు ముఖ్యమైనవి. దీఘనికాయంలోని సిగాలోవాద సుత్తంలో బుద్ధుడు సిగాలుడనే గృహస్థుకు రాబడిని నాలుగు భాగాలు చేయమంటాడు. ఒకటి అనుభవించడానికి, రెండు వృత్తిలో పెట్టడానికి, ఒకటి ఆపదకు దాచడానికి. వాన కురిస్తే కురవనీ అన్న నోటితోనే ఆయన గృహస్థుకు పావు వంతు దాచమన్నాడన్నది ఈ చర్చలో మరిచిపోకూడని సంగతి. భాగవతంలో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి అయిదు భాగాల లెక్క చెబుతాడు: ధర్మానికి, కీర్తికి, మళ్లీ సంపాదనకు, సుఖానికి, తనవారికి. శుక్రుడు ఆ మాట వామనుడికి దానం ఇవ్వొద్దని ఆపడానికి అన్నాడు, బలి వినలేదు. అయినా మామూలు సంసారికి ఆ లెక్క పనికొచ్చేదే. జైనం మరో దారిన పోతుంది. పొలం, ఇల్లు, వెండి బంగారాలు, ధనధాన్యాలు ఒక్కొక్కటీ ఎంతవరకో శ్రావకుడు, అంటే జైన గృహస్థు, ముందే వ్రతం పట్టి హద్దు పెట్టుకోవాలి, దాటితే వ్రతభంగం. నేటి ఇళ్లకు అన్నిటికన్నా కొరుకుడు పడని నియమం ఇదే, అన్నిటికన్నా అక్కరకొచ్చేదీ ఇదే. ఆరు నెలల ఇంటిఖర్చు బ్యాంకులో విడిగా ఉండాలన్న సలహా కుంభీధాన్యకుడి కుండ లాంటిది. కుండ నిండాక ఏం చేయాలో మాత్రం సలహాదారులు చెప్పరు. వ్రతం చెబుతుంది.

ఉగాది పంచాంగ శ్రవణంలో పన్నెండు రాశులకూ ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం చదువుతారు. అంకెలను నమ్మినా నమ్మకపోయినా, ఏడాది మొదటి రోజున జమాఖర్చు ఎత్తడం మంచి అలవాటు. ఆర్థిక సంవత్సరం కూడా దానికి దగ్గర్లోనే, ఏప్రిల్ 1న మొదలవుతుంది. తెలుగు రాష్ట్రాల పట్టణాల్లో ఏడాది ఇంటిపన్ను ఏప్రిల్ నెలాఖరులోగా కట్టినవారికి 5 శాతం రాయితీ ఇచ్చే పద్ధతి కొన్నేళ్లుగా నడుస్తోంది. ఉద్యోగులు ఆదాయపు పన్ను రిటర్ను వేయడానికి సాధారణంగా జూలై 31 గడువు. ఇవీ కార్తెల్లాంటివే, వేళకు చేస్తే మరుసటి ఏడాది దాకా మనసులో మెదలవు.

అక్షయ తృతీయ నాటి బంగారం గురించి ఒక మాట. ఆ పండగతో ముడిపెట్టి చెప్పుకునే అక్షయపాత్ర భారతంలో సూర్యుడు ధర్మరాజుకు ఇచ్చింది. అతిథులు ఎంతమంది వచ్చినా అన్నం తరగదు, ద్రౌపది తినేదాకా మాత్రమే. ఆమె తిన్నాక పాత్ర ఆ రోజుకు ఖాళీ. పదిమందికీ పెట్టాక ఇంటి ఇల్లాలు చివరన తినే పాత్ర అది, దాచుకునే పెట్టె కానేకాదు. అలాంటి రోజున అప్పు చేసి నగ కొనడం ఆ కథ మీద గౌరవమని చెప్పడం కష్టం.

గృహస్థాశ్రమానికీ ఒక చివరి ఋతువు ఉంది. ఒంటిమీద ముడతలు, తలలో నెరుపు, ఒళ్లో మనవడు కనిపించినప్పుడు అడవికి వెళ్లమని మనువు అన్నాడు. అడవికి వెళ్లేవారు ఇప్పుడు లేరు గాని, తాళాలు అప్పగించే పని మిగిలే ఉంది. ‘దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి’ అన్న సామెత ఇక్కడికే ఎక్కువ వర్తిస్తుంది. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసినవారి సంతకం, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. బ్యాంకు ఖాతాకు నామినీని రాస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. నామినీ ఆ సొమ్ము అందుకుంటాడు గాని దానికి యజమాని కాడు, హక్కుదారులకు అప్పగించవలసిన ధర్మకర్త మాత్రమే. అంతా ఈశ్వరుడిదేనని ఎరిగి, త్యాగబుద్ధితో అనుభవించమని ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రం గృహస్థుకు ఇచ్చిన హోదా కూడా ఇంచుమించు అదే. దస్తావేజులు ఏ బీరువాలో ఉన్నాయో, ఇంటి రుణం ఎంత మిగిలిందో, కొబ్బరిచెట్టుకు ఎప్పుడు ఎరువు వేశారో ఒక కాగితం మీద రాసి పిల్లలకు చూపిస్తే ఆ అప్పగింత పూర్తవుతుంది.