సిద్దెలో నూనె, పొరుగింట చీకటి



గాలివానకు కరెంటు పోయినప్పుడు, ముందుచూపుతో ఇన్వర్టరు పెట్టుకున్న ఇల్లు ఏమీ లేని పక్కింటికి ఎంతవరకు బాధ్యత వహించాలి? ఇది చిన్న ప్రశ్నగా కనబడుతుంది గాని, మన విశ్వాసమును పరీక్షించే ప్రశ్న.

పావగడ తాలూకా మనలో అనేకులకు తెలిసిన చోటు. తుమకూరు జిల్లాలోనిదే అయినా దాదాపు చుట్టూ ఆంధ్ర సరిహద్దే గనుక అక్కడ ఎన్నో ఇండ్లలో తెలుగే వినబడుతుంది. వర్షము తక్కువ. పంటకైనా తాగడానికైనా బోరు నీళ్లే ఆధారము. అటువంటి చోట పెనుగాలికి స్తంభాలు కూలితే పోయేది దీపము మాత్రమే కాదు. మోటారు ఆగితే నీళ్లు ఆగుతాయి. ఇంటిల్లిపాది బిందెలు పట్టుకొని తిరగాలి. సెల్‌ఫోను ఆరిపోతే బెంగళూరులో ఉన్న కొడుక్కు క్షేమమని చెప్పే దారి ఉండదు. చక్కెర వ్యాధి ఉన్న అవ్వకు ఇన్సులిన్ సీసా వేడెక్కకుండా నీళ్ల కుండ చాటున దాచాలి.

ఇదే తాలూకాలో తిరుమణి పరిసరాలలోని ఐదు గ్రామాల పరిధిలో సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రము ఉన్నది. 2018లో ప్రారంభమై 2019 చివరికి పూర్తి అయింది. రైతుల భూమిని కొనకుండా, మొదట ఎకరాకు ఏటా 21,000 రూపాయల చొప్పున కౌలుకు తీసుకున్నారు. భూమి ఉన్నవారికి కౌలు వచ్చింది. ఆ పొలాలలో కూలి చేసుకున్నవారికి ఆ పని పోయింది. అక్కడ పుట్టిన కరెంటు పెద్ద లైన్ల మీద దూరము పోతుంది. ఊరి తీగ తెగితే ఊరు చీకటే. ఇంటి కప్పు మీద పెట్టుకున్న సౌర పలకలు సైతము, బ్యాటరీ లేని యెడల, లైనులో కరెంటు లేనప్పుడు తమంతట తామే ఆగిపోతాయి. తీగ బాగుచేసే లైన్‌మన్ ప్రాణము కాపాడడానికే ఆ ఏర్పాటు. వెలుగు పుట్టడము వేరు, అది ఇంటికి చేరడము వేరు.

పంచుకోవడము ఇష్టము లేనివారికి ఒక వాక్యభాగము వెంటనే జ్ఞాపకము వస్తుంది. మత్తయి సువార్త 25వ అధ్యాయములో బుద్ధిగల కన్యకలు తమ నూనె ఇవ్వలేదు గదా, ప్రభువు వారిని తప్పు పట్టలేదు గదా అంటారు. నిజమే. అయితే ఆ ఉపమానము పెండ్లికుమారుని రాకకు సిద్ధపడుటను గూర్చినది. ఒకరి మారుమనస్సును మరొకరు అరువు తెచ్చుకోలేరు. ఇన్వర్టరులోని కరెంటు అటువంటిది కాదు, అది తీగతో పక్కింటికి పోగలదు. మరొక సంగతి కూడా గమనించాలి. బుద్ధిలేని కన్యకలను నూనె కొనుక్కోమని పంపారు, అంటే కొనగల స్థితి వారికి ఉన్నది. కూలి ఇంటివాడు ఇన్వర్టరు పెట్టుకోనిది అజాగ్రత్త చేత కాదు, లేమి చేత. లేమిని బుద్ధిలేమి అనడము న్యాయము కాదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నమును తాకినప్పుడు నగరములో అనేక భాగాలు దినాల తరబడి చీకటిలో ఉన్నవి. పాలు, నీళ్లు మామూలు కంటె ఎక్కువ ధరకు అమ్మినవారు ఉన్నారు, ఊరకే పంచినవారూ ఉన్నారు. ఇద్దరి దగ్గరా సరుకు ఉన్నది. పొరుగువాని అవసరము ఒకరికి బేరముగా, మరొకరికి పిలుపుగా కనబడింది.

అయినా ఒక కష్టము మిగిలి ఉన్నది. బ్యాటరీ నాలుగు గంటలే వస్తుంది. ఊరందరి ఫోన్లకు చార్జి పెడితే, రాత్రి మన ఇంటిలో ఆయాసపడే తాతగారి యంత్రము ఆగిపోవచ్చు. అప్పుడు లేదనడము పాపము కాదు. ప్రాణము మొదట, నీళ్లు తరువాత, క్షేమసమాచారము ఆ తరువాత, సౌఖ్యము చివర. ఈ వరుస మన ఇంటికి ఒకటి, పక్కింటికి ఒకటి ఉండకూడదు. మన టీవీ కంటె వారి పసిబిడ్డ పాలు ముందు. సారెపతు విధవరాలు కడపటి పిడికెడు పిండిలోనే భాగము పెట్టింది. మనలను అంత దూరము రమ్మని ఎవరూ అడగడము లేదు. మిగిలినదానిని దాచవద్దనే అడుగుతున్నారు.

సహాయమునకు షరతు కూడా ఉండరాదు. 1876-78 నాటి గొప్ప కరవులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల కంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి పని కల్పించారు. అన్నము కొరకు ఎవరూ విశ్వాసము ఒప్పుకోకూడదని ఆ కాలములో బాప్తిస్మములు ఆపివేశారు. 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినది ఆ తరువాతనే. మందిరపు జనరేటరు దగ్గరకు వచ్చినవానిని నీవు ఏ సంఘమువాడవని అడగని ఆచారము మన పితరుల నుండి వచ్చినదే.

దూరదేశములలో స్థిరపడిన మనము ఇంటికి డబ్బు పంపి ఇన్వర్టరు పెట్టించడము మంచిదే. దానితోపాటు నాలుగు ప్లగ్గుల బోర్డు ఒకటి వసారాలో పెట్టించుదము. పక్కింటిలో పసిబిడ్డలు, రోగులు ఎవరున్నారో అమ్మానాన్నలను అడిగి తెలుసుకొందము. గాలివాన వచ్చిన తరువాత అడగడము కంటె, ఆకాశము తేటగా ఉన్నప్పుడే అడగడము మేలు. సిద్ధపాటు అంటే మన సిద్దె నింపుకోవడము మాత్రమే కాదు, ఎవరి సిద్దె ఖాళీగా ఉన్నదో ఎరిగి ఉండడము కూడా.

అట్టి మనస్సును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.