ఒక్క తప్పుకే టీసీయా?



మొదటి తప్పుకే బడినుండి పంపివేస్తే తక్కిన పిల్లలు బాగుపడతారని కొందరు తల్లిదండ్రులు వాదిస్తున్నారు. ఆలంపూర్ వైపు బడి తప్పిన పిల్లవాడు ఎక్కడ తేలతాడో మనకు తెలియనిదా? చాలాసార్లు పత్తి విత్తనాల చేలో, క్రాసింగ్ పనిలో! ఎనిమిదవ తరగతి ముగిసేవరకు ఏ బిడ్డనూ వెళ్లగొట్టరాదని 2009 విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ చెబుతుంది. కొట్టడాన్ని 17వ సెక్షన్ నిషేధించింది.

అట్లని చూసీచూడనట్లు వదలమని కాదు. దెబ్బతిన్న బిడ్డకు రక్షణ ముందు. పునీత జాన్ బోస్కో 1877లో వివరించిన నివారణ పద్ధతిలో, తప్పు జరగకముందే ఉపాధ్యాయుడు పిల్లల మధ్య ఉంటాడు. బెత్తంకన్నా ఇది కష్టమే. మూడుసార్లు ఎరుగనని బొంకిన పేతురుకే ప్రభువు తన మందను అప్పగించారు గదా! టీసీ మాట ఎత్తేముందు, ఆ పిల్లవాని ఇంటికి మనలో ఎవరైనా వెళ్ళివచ్చారా?