మంచి ఇంజను ఆపిన ముసలాయన

అమెరికాలో కాన్సస్ పడమటి దిక్కున కనుచూపు మేరా గోధుమ పొలాలే. అక్కడొక ఊళ్లో ధాన్యం వ్యాపారి రెండు ఇంజన్ల చిన్న విమానం కొన్నాడు. అదే ఊళ్లో పొలాలకు మందు కొట్టే ముసలి పైలట్ ఒకాయన ఉండేవాడు. ఆయన జన్మంతా నడిపింది ఒంటి ఇంజను విమానమే.

"మీరు గాల్లో ఉన్నంతసేపూ ఎక్కడ దిగాలా అని కిందికే చూస్తారు. నాకా బాధ లేదు. ఒకటి ఆగితే ఇంకోటుంది" అనేవాడు వ్యాపారి.

"లిండ్‌బర్గ్ 1927లో అట్లాంటిక్ దాటింది ఒక్క ఇంజనుతోనేనయ్యా. రెండుంటే చెడిపోయేవి కూడా రెండే" అనేవాడు ముసలాయన.

జూన్ నెల, కోతలు అయిపోయిన రోజులు. మంచి ఎండవేళ నలుగురెక్కారు. ట్యాంకులు నిండుగా ఉన్నాయి. ముసలాయన పక్క సీట్లో కూర్చున్నాడు. నేల వదిలారో లేదో వ్యాపారి చక్రాలు పైకి లాగేశాడు. అంతలోనే ఎడమ ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ముక్కు ఎడమకు తిరిగింది. అతను వెంటనే కుడి పెడల్ తొక్కాడు. అంతవరకూ బాగానే చేశాడు. ఎదురుగా ధాన్యం గోదాములు కనబడేసరికి మాత్రం గుండె జారి, విమానం ముక్కు పైకి లేపాడు.

విమానం లేవలేదు, వేగమే తగ్గింది. స్పీడు చూపే డయలు మీద ఇలాంటి విమానాలకు రెండు గీతలుంటాయి. నీలిగీత దగ్గర వేగం నిలబెడితే ఒక్క ఇంజనుతో ఎంతో కొంత ఎక్కవచ్చు. ఎర్రగీత దిగువకు పోతే చుక్కానికి గాలి చాలదు, తిరుగుతున్న ఇంజనే విమానాన్ని పక్కకు లాగి తిరగేస్తుంది. ముల్లు నీలిగీతను అందుకోనే లేదు, ఎర్రగీత వైపు జారుతోంది.

ముసలాయన చెయ్యి చాచి, శుభ్రంగా పనిచేస్తున్న కుడి ఇంజను థ్రాటిల్ వెనక్కి లాగేశాడు. "ముక్కు దించు. కుడిపక్క కోసిన పొలం ఉంది."

పొట్ట ఈడ్చుకుంటూ విమానం మోళ్ల మీద ఆగింది. ప్రొపెల్లర్లు వంగిపోయాయి. నలుగురూ నడిచి బయటికొచ్చారు.

"ఉన్న ఒక్కదాన్నీ మీరే ఆపేశారు!" అని వ్యాపారి మండిపడ్డాడు.

"మొదటిది ఆగినప్పుడే విమానం బీమా కంపెనీదైపోయింది. ఇక మనది మనం చూసుకోవాలిగా" అన్నాడాయన, టోపీ దులుపుకుంటూ.

నీతి: పైకి తీసుకెళ్లలేని సాయాన్ని పట్టుకుని వేలాడేకంటే, పగ్గాలు చేతిలో ఉండగానే కిందికి దిగడం మేలు.

అయితే దీన్ని అన్ని వేళలా వాడకూడదు. బాగా ఎత్తులో ఉన్నప్పుడు ఒకటి ఆగితే, రెండోది మెల్లగా ఏదో ఒక రన్‌వే దాకా చేర్చే అవకాశం ఎక్కువ. అక్కడ దాన్ని ఆపడం మూర్ఖత్వం. గొడవంతా నేలకు దగ్గరలోనే. ఒక ఇంజను పోతే పోయేది సగం బలమే, కానీ ఎక్కే శక్తి 80 శాతమో, అంతకన్నా ఎక్కువో పోతుంది. సగం జీతంతో ఇల్లు గడిస్తే గడుస్తుంది, మిగులు మాత్రం ఉండదు. విమానం పైకెక్కేది ఆ మిగులు బలంతోనే. పైగా ఆగిన ప్రొపెల్లర్ రెక్కలను గాలివాలుకు తిప్పకపోతే అదొక అడ్డు. అమెరికా పాత నిబంధనల్లోనైతే బరువు 6,000 పౌండ్లు, స్టాల్ వేగం 61 నాట్లు మించని రెండింజన్ల విమానం ఒక్క ఇంజనుతో ఎక్కి తీరాలన్న షరతే లేదు. కొనేవాళ్లలో ఎందరు ఆ సంగతి అడుగుతారో మరి!

శిక్షణలో మాత్రం రన్‌వే మీద కదలకముందే పైకి చెప్పిస్తారు: నీలిగీత అందకముందే ఇంజను పోతే రెండు థ్రాటిళ్లూ వెనక్కి, ఎదురుగా దిగడమే. పరీక్ష రోజున వ్యాపారి కూడా ఆ మాట తడుముకోకుండా చెప్పి పాసయ్యాడు.