పుంజుల లెక్క

పెరట్లో కోళ్లు పెంచటం తత్వవిచారానికి తగిన విషయం కాదని పాఠకులు అనుకోవచ్చు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. రెండేళ్ల కిందట ఉద్యోగం చాలించి, గోదావరి కాలువ పక్కనున్న మా ఊరి పాత ఇంటికి చేరినప్పుడు నాకున్న కోరిక చాలా చిన్నది. కొట్లో కొనే గుడ్డును పెట్టిన కోడి పంజరంలో బతికి పంజరంలోనే పోతుందని చదివి ఉన్నాను. నాలుగు కోళ్లను స్వయంగా పెంచుకుంటే, ఏ ప్రాణికీ బాధ లేకుండా గుడ్డు తినవచ్చునని నా ఊహ. ఈ ఊహ ఎంతవరకు నిలిచిందో చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

మూడు పెట్టలనూ ఒక పుంజునూ కొన్నాను. పెంపకం నాకు నేర్పింది మా వీధి చివర ఇంటి ముసలమ్మ. ఆవిణ్ణి ఊరంతా మామ్మ అనే పిలుస్తారు. ఒక పెట్ట పొదుగుకు వచ్చినప్పుడు నాలుగు బాతు గుడ్లు కూడా కలిపి పెడదామని నాకు సరదా పుట్టింది. మామ్మ నవ్వి, "అన్నీ ఒక్కసారే పెడితే ఎలా బాబూ? కోడిగుడ్డుకి మూడు వారాలు, బాతుగుడ్డుకి నాలుగు. బాతుగుడ్లు ముందు పెట్టు, వారం పోయాక కోడిగుడ్లు పెట్టు. అన్నీ ఒక్కసారి దిగుతాయి" అన్నది. అలాగే చేశాను. నాలుగు బాతు గుడ్లలో రెండు, ఎనిమిది కోడిగుడ్లలో ఏడు పిల్లలయినాయి. ఒక కోడిపిల్లను గద్ద తన్నుకుపోయింది.

బాతుపిల్లలు మొదటిసారి కాలువలో దిగిన రోజు తల్లికోడి గట్టుమీద అటూ ఇటూ పరుగెత్తుతూ, రెక్కలు విదిలిస్తూ పెట్టిన గోల నేను మరచిపోలేను. తన జాతివి కాని పిల్లలకోసం అది పడిన ఆరాటం చూసి నేను కరిగిపోయాను. ఆ కరిగిపోవటం నాకు సులువుగానే వచ్చింది. దానివల్ల నాకు ఖర్చేమీ లేదు.

ఖర్చు అయిదో నెలలో వచ్చింది. మిగిలిన ఆరు కోడిపిల్లల్లో నాలుగు పుంజులు. పది పెట్టలకు ఒక పుంజు చాలునంటారు. నా పెరట్లో అయిదు పెట్టలకు అయిదు పుంజులయినాయి. అవి ఒకదాన్నొకటి నెత్తురు కారేటట్టు పొడుచుకున్నాయి. పెట్టల వీపులమీద ఈకలు ఊడిపోయాయి. పుంజులన్నీ ఉంటే పెట్టలకు బతుకు లేదని ఎవరూ చెప్పనక్కరలేకుండానే తెలిసింది.

గుడ్డు తినేవాడు సాధారణంగా ఆలోచించని సంగతి ఇది. గుడ్లలోంచి దాదాపు సగం పెట్టలూ సగం పుంజులూ వస్తాయి. మనకు కావలసింది పెట్టలు. మరి పుంజులు ఏమవుతున్నాయి? గుడ్లకోసం తయారుచేసిన జాతిలో పుంజు గుడ్డు పెట్టదు సరిగదా, మాంసం కోళ్లలాగా తొందరగా బరువెక్కదు కూడా. కనక హేచరీలలో ఆ పిల్లలను పుట్టిన రోజునే చంపటం ప్రపంచమంతటా సాగుతూ వచ్చిన పద్ధతి. దీన్ని జర్మనీ 2022 జనవరి నుంచి చట్టం ద్వారా నిషేధించింది. గుడ్డులో ఉండగానే ఆడో మగో కనిపెట్టే యంత్రాలు వచ్చాయి. అంటే, కొట్లో కొన్న గుడ్డు వెనక పంజరంలోని పెట్టే కాక, పంజరం దాకా కూడా రాని పుంజు ఉన్నది. నా పెరట్లో జరిగిందల్లా ఆ పుంజు అయిదు నెలలు బతికి, నా కళ్లముందు నిలబడి కూయటం.

నాకు మూడు మార్గాలు కనిపించాయి. ఊరవతల వదిలెయ్యటం. ఎవరికైనా ఉచితంగా ఇవ్వటం. అంగడికి అమ్మటం. మూడూ ఆలోచించాను; మూడింటిలోనూ పుంజు చస్తుంది. మొదటిదానిలో కుక్క చంపుతుంది, రెండోదానిలో పుచ్చుకున్నవాడు, మూడోదానిలో కొట్టువాడు. మారేది చంపే చెయ్యి మాత్రమే. అయినా ఈ మూడింటిలో ఏదో ఒకటి చేస్తే నా మనసు ఊరట పొందుతుందని నాకు తెలుసు. ఈ ఊరట ఎక్కడినుంచి వస్తున్నది?

బౌద్ధ వినయంలో భిక్షువులకు ఒక నియమం ఉన్నది. తనకోసం చంపినట్టు చూసినా, విన్నా, అనుమానం కలిగినా ఆ మాంసం తినకూడదు. ఇంటింటికీ తిరిగి, గిన్నెలో పడినది తినేవాడికి ఈ నియమం అర్థవంతమైనదే. కాని డబ్బిచ్చి కొనేవాడి సంగతి వేరు. అతను కొనటమే చంపమని చెప్పటం. అతను చూడకపోవటంవల్ల ప్రాణి చావు ఆగదు. అతని కన్ను మాత్రం శుభ్రంగా ఉంటుంది. ఈ శుభ్రత కోసం మన సమాజం చాలా ఏర్పాట్లు చేసుకున్నది. కోసే పనినీ తోలు తీసే పనినీ కొన్ని కులాలకు అప్పగించి, ఆ పని చేసినందుకే వాళ్లను దూరం పెట్టింది. చంపించినవాడు సున్నిత హృదయుడు, చంపినవాడు కఠినుడు! నా ఊరటకు మూలం ఇందులోనే ఉన్నదని గ్రహించినప్పుడు నాకు సిగ్గేసింది.

అయితే గుడ్డు మానెయ్యి, పాలు తాగు అంటారు కొందరు. పాల సంగతీ ఇంతే. ఆవు ఈనితే పాలు. ఈనిన దూడల్లో సగం మగవి. నాగలి పోయి ట్రాక్టరు వచ్చాక వాటికి పనేమిటి? అన్నీ మానేసేవాళ్ల నిష్ఠను నేను గౌరవిస్తాను. కాని బడిలో మధ్యాహ్న భోజనంతో పెట్టే గుడ్డు కోసం ఎదురుచూసే పిల్లవాడికి ఆ నిష్ఠను ఉపదేశించే అధికారం నాకు లేదు.

అలాగని పెరటి పెంపకమే సమస్యకు పరిష్కారమని కూడా నేననను. 2019 పశుగణనలో మన దేశంలో లెక్కతేలిన కోళ్లూ బాతులూ వగైరా 85 కోట్ల పైచిలుకు. అందులో పెరటివి దాదాపు 32 కోట్లు. నాటుకోడి ఏడాదికి పెట్టేది అరవై, డెబ్భై గుడ్లు. ఫారం కోడి పెట్టేది మూడు వందలకు తక్కువ కాదు. గుడ్డు చవకయింది ఆ పంజరాలవల్లే. ఫారం కోళ్లను ఉంచే తీరుకు నియమాలు కావాలని 2017లో భారత లా కమిషన్ తన 269వ నివేదికలో చెప్పింది. కావలసిందే. కాని ఆ నియమాలకయ్యే ఖర్చు ఆ పిల్లవాడి కంచంలోంచి పోకూడదు, భరించగలవాళ్లే భరించాలి. ఎవరు భరిస్తారో చెప్పకుండా కోడిమీద చూపే జాలి సగం జాలి.

మామ్మకు ఈ గొడవలేవీ లేవు. కోడి ఆవిడకు చేతిలో సొమ్ము. మందులకు డబ్బు లేకపోతే ఒకటి అమ్ముతుంది. అల్లుడు వస్తే ఒకటి కోస్తుంది. అయినా కిందటేడు కొక్కెర తెగులు వచ్చి మూడు రోజుల్లో పదమూడు కోళ్లు పోతే ఆవిడ అన్నం మానేసి కూర్చున్నది. పోయినది సొమ్మేనా, ప్రాణాలా అని అడగటం తెలివితక్కువ. ఆవిడకు రెండూ ఒకటే. అలాగని పేదరికాన్ని పూజించి, ఆవిడను ఆదర్శంగా నిలబెట్టటం ఇంకొక మోసం. ఆవిడకు మరో దారి లేదు, నాకు ఉన్నది.

చివరికి రెండు పుంజులు మామ్మకిచ్చాను, కోస్తుందని తెలిసే ఇచ్చాను. తక్కిన రెండూ మా పెరట్లోనే కోయించాను. "నువ్వు లోపలికి పో బాబూ, చూడలేవు" అన్నది మామ్మ. పోలేదు. కాళ్లు నేనే పట్టుకున్నాను. అది కొట్టుకున్నంతసేపూ నా చేతులు వణికాయి. ఆ చూడటంవల్ల పుంజుకు ఒరిగిందేమీ లేదు. నేను పుణ్యాత్ముణ్ణీ కాలేదు. కాని ఆ చావుతో నాకు సంబంధం లేదని ఇక ఎవరిదగ్గరా అనలేను; అంగట్లో కోసేవాడి ముఖం చూసి మాట్లాడగలుగుతున్నాను.

ఇప్పుడు మళ్లీ ఒక పెట్ట పొదుగుకు వచ్చింది. పోయినసారి ఎనిమిది గుడ్లు పెట్టాను. ఈసారి నాలుగే పెట్టాను. వచ్చే పుంజులను ఏంచెయ్యాలో మామ్మా నేనూ ముందే మాట్లాడుకున్నాం.