మర్కట ఋణము

పసిబిడ్డకు రెండు చుక్కల మందు వేయించుకొని తల్లి ఇంటికి మరలును. ఆ చుక్కలు ప్రేగులలో చేరి, పోలియో క్రిమి ప్రవేశించు ద్వారముననే కావలి నిలుపును. మన దేశమున సహజమైన పోలియో చివరిసారిగా 2011 జనవరిలో కానవచ్చెను. 2014 మార్చి 27న ఈ వ్యాధి ఇచట తొలగినదని ధ్రువపత్రము లభించెను. ఇంతటి మేలు వెనుక నున్న మూగజీవముల సంగతి మనలో ఎందరికి తెలియును? తెలిసిన పిమ్మట మన కర్తవ్యమేమి? ఈ ప్రశ్నను త్రోసివేయుట సులభము. టీకాను వేయించుకొనుచునే ప్రయోగములను ఖండించి, నిద్రపోవుట ఇంకను సులభము.

1908లో వియన్నా నగరమున కార్ల్ లాండ్‌స్టైనర్, ఎర్విన్ పాపర్ అనువారు పోలియోతో మరణించిన ఒక బాలుని వెన్నుపామునుండి తీసిన పదార్థమును కోతులకు ఎక్కించిరి. వ్యాధి వానికిని సోకెను. అంతవరకు ఎలుకలు, కుందేళ్ళు ఇయ్యని సమాధానమును కోతి ఇచ్చెను. ఏలయన అది మనకు దగ్గరి చుట్టము. అప్పటినుండి పరిశోధనాలయములకు వేలకొలది కోతులు పోయినవి. వానిలో అధిక భాగము ఉత్తర భారతమున దేవాలయముల చుట్టును తిరుగాడు రీసస్ జాతివి.

ఇచట ఒక విచిత్రము జరిగెను. రీసస్ కోతికి పోలియో క్రిమి నోటి మార్గమున అంత సులభముగా సోకదు. ముక్కులో వేసినచో సోకును. న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో సైమన్ ఫ్లెక్స్‌నర్ ఇది చూచి, మనుష్యులకును వ్యాధి ముక్కు ద్వారమునే వచ్చునని నిశ్చయించెను. 1912 నాటికే స్వీడను దేశపు వైద్యులు రోగుల ప్రేగులలో ఆ క్రిమిని కనుగొని యుండిరి. కాని పెద్దవాని మాట ముందు వారి మాట నిలువలేదు. ఫలితముగా 1937లో కెనడాలోని టొరంటో నగరమున వేలాది బాలుర ముక్కులలో జింకు లవణ ద్రవమును చల్లిరి. వ్యాధి ఆగలేదు, కొందరు బాలురు వాసన చూచు శక్తిని కోల్పోయిరి. మృతుల శరీరములను పరీక్షించి, క్రిమి నివాసము ప్రేగులే యని ఆల్బర్ట్ సేబిన్ మొదలగువారు 1941లో చూపిరి. నోటి ద్వారా పోయిన క్రిమి ముందు రక్తములో చేరునని 1952లో డొరొతీ హార్స్ట్‌మన్, డేవిడ్ బోడియన్ వేర్వేరుగా నిరూపించిరి. వారికి ఉపకరించినవియు కోతులు, చింపాంజీలే.

ఈ కథను చెప్పునపుడు శాస్త్రజ్ఞులు పొరపాటు, దిద్దుబాటు అని సాగిపోవుదురు. నాకు మాత్రము మనస్సు ఆ నడిమి సంవత్సరముల వద్దనే నిలిచిపోవును. ఆ కాలమున చచ్చుబడిన కాళ్ళతో బోనులలో పడియున్న జంతువులు తప్పు ప్రశ్నకు సమాధానము చెప్పుచుండెను. ప్రయోగము ఫలించినను ఫలింపకున్నను కోతికి బాధ యొక్కటియే. ఫలితమును చూపి హింసను సమర్థించువారు ఫలింపని ప్రయోగముల లెక్కను ఎవరి ఖాతాలో వ్రాయుదురు?

అట్లని ఫలము స్వల్పమని చెప్పుట అసత్యమగును. ఎయిడ్స్ వ్యాధి విషయమును చూడుడు. అది రక్తమునకు సంబంధించిన వ్యాధి యని వైద్యులు తలచుచుండిరి. 1998లో అమెరికాలో రీసస్ కోతులకు దానిని బోలిన కోతి క్రిమిని ఎక్కించి, కొలది దినములకొకసారి ప్రేగులను పరీక్షింపగా, రక్తమున మార్పు స్పష్టము కాకమునుపే ప్రేగుగోడలలోని రక్షక కణములు నశించుచున్నట్లు తేలెను. 2004లో మనుష్యులయందును అట్లే కనబడెను. ఆఫ్రికాలోని సూటీ మాంగబీ అను కోతికి అట్టి క్రిమి యున్నను సాధారణముగా ఎయిడ్స్ రాదు. దాని ప్రేగుగోడ చెడదు. వ్యాధి సోకిన తొలి దినములలో మనుష్యుని ప్రేగును ఇట్లు మాటిమాటికి కోసి చూడజాలము గదా! కనుకనే కోతిని చూచితిమి.

ధర్మసంకటము ఇచటనే కలదు. కోతి మనవంటిది కానిచో ఆ ప్రయోగము వ్యర్థము. మనవంటిదే యైనచో దాని భయమును, నొప్పిని, పిల్లను విడిచిన తల్లి దుఃఖమును మనవంటివి కావని ఏ ముఖముతో అందుము? పోలికను పరిశోధనాలయమున అంగీకరించి, న్యాయస్థానమున నిరాకరించుట కుదరదు. మనుష్యుడు శ్రేష్ఠుడు కావున వానికి అధికారము కలదని కొందరందురు. మన పెద్దలు గృహస్థునకు విధించిన పంచ మహాయజ్ఞములలో భూతయజ్ఞమొకటి. తాను తినుటకు ముందు ప్రాణులకు భాగమిడవలెను. శ్రేష్ఠత వలన కలిగినది భారమే గాని హక్కు కాదు.

మన దేశపు నడవడియు పరిశీలింపదగినదే. 1955లో సాల్క్ టీకాకు అనుమతి లభించెను. దానిని పెంచుటకు కోతుల మూత్రపిండముల కణములు కావలసి వచ్చెను. ఆ దశాబ్దపు చివరి యేండ్లలో ఇచటినుండి సంవత్సరమునకు లక్షకు పైగా రీసస్ కోతులు ఎగుమతి యయ్యెను. వైద్యమునకే యని హామీ పొందితిమి. కాని అమెరికా సైనిక పరిశోధకులు వానిని అణుకిరణముల పరీక్షలకు వాడిరని తెలిసి, మొరార్జీ దేశాయి ప్రభుత్వము 1978 ఏప్రిలు 1 నుండి ఎగుమతిని నిషేధించెను. మంచిపనియే. ఐనను బోనులు ఖాళీ కాలేదు. ఇతర దేశముల కోతులు వచ్చి చేరినవి. మన చేతులు శుభ్రమైనవి, అంతే. హైదరాబాదున తయారైన కోవాక్సిన్ టీకాను 2020లో 20 రీసస్ కోతులపై మన దేశముననే పరీక్షించిరి. ఆ టీకాను మనలో కోట్లమంది వేయించుకొంటిమి. నేనును వేయించుకొంటిని.

ఆ టీకాను పెంచినది వీరో కణములలో. 1962లో జపానులో ఒక ఆఫ్రికా కోతి మూత్రపిండమునుండి తీసిన కణములు అవి. నేటికిని పెరుగుచునే యున్నవి. ఒక్క ప్రాణి అసంఖ్యాక ప్రాణుల వధను తప్పించినది. బుద్ధి ఆ దిక్కునకు పోయినచో మార్గములు దొరకకపోవు. వేరుమార్గము నిజముగా లేనిచోట మాత్రమే, నొప్పిని అణచి, ఎన్ని ప్రాణులు పోయినవో ప్రకటించి, ఆ పని చేయుదురుగాక. అపుడైనను అది నిర్దోషమని నేననజాలను. ఋణమని అందును.

రావణవధానంతరము ఇంద్రుడు వరము కోరుమనగా శ్రీరాముడు తనకేమియు అడుగలేదని వాల్మీకి చెప్పుచున్నాడు. తన కొరకు మరణించిన వానరులు బ్రదుకవలెననియు, వారున్న చోట అకాలమునందు సైతము ఫలములు, నిర్మల జలములు ఉండవలెననియు కోరెను. చచ్చినవానిని బ్రదికించు శక్తి మనకు లేదు. రెండవ కోరిక మన చేతిలోనిదే. 2015లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ చింపాంజీలపై వైద్య ప్రయోగములను మానివేసి, తన యొద్దనున్నవానిని శరణాలయమునకు పంప నిర్ణయించెను. లూసియానా రాష్ట్రమున వానికొక వనము కలదు. ఆ నిర్ణయములో రీసస్ కోతులు చేరలేదు.