బొమ్మలోకి ఆవాహన, మరి ఉద్వాసన?

ఖరగ్‌పూర్ స్టేషన్ నుంచి ఐఐటీకి వెళ్ళే దారిలో పూరీ గేటు వస్తుంది. ఒడిశా వైపు పోయే రైలుపట్టాలు, ఆ లైను మీదే హిజ్లీ స్టేషను. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్ళో తరాలుగా ఉన్నాయి. ఇక్కడివాళ్ళకు హిజ్లీ అంటే 1931 సెప్టెంబరు 16న నిర్బంధ శిబిరం మీద జరిగిన పోలీసు కాల్పుల్లో సంతోష్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా ప్రాణాలు వదిలిన చోటు. 1951లో అదే భవనంలో దేశపు తొలి ఐఐటీ మొదలైంది. అంతకు చాలా ముందు హిజ్లీ అన్న పేరు మేదినీపూర్ సముద్రతీరానికి ఉండేది. రసూల్‌పూర్ నది సముద్రంలో కలిసే ఆ తీరంలోనే బంకించంద్ర చటోపాధ్యాయ తన రెండో బెంగాలీ నవల ‘కపాలకుండల’ను మొదలుపెట్టాడు. అది 1866లో అచ్చయింది.

కథ తెలిసినవాళ్ళకు కూడా ఒకసారి గుర్తుచేయడం మంచిది. గంగాసాగర యాత్ర నుంచి తిరిగి వస్తున్న నవకుమారుడు వంటచెరకు కోసం పడవ దిగుతాడు. తోటి యాత్రికులు అతణ్ణి ఆ నిర్జన తీరంలో వదిలేసి వెళ్ళిపోతారు. ఒక కాపాలికుడు అతణ్ణి బలి ఇవ్వబోతే, ఆ కాపాలికుడు పెంచిన పిల్లే కట్లు కోసి విడిపిస్తుంది. గుడి పూజారి ఇద్దరికీ పెళ్ళి చేసి సప్తగ్రామానికి పంపుతాడు. అడవిలో, ఇసుకదిబ్బల మీద, అమ్మవారి తోడుగా పెరిగిన కపాలకుండలకు సంసారం పట్టదు. నవకుమారుడి మొదటి భార్య మారువేషంలో వస్తుంది, కాపాలికుడూ వెతుక్కుంటూ వస్తాడు. అనుమానం, బలి, శ్మశానం... చివరికి నది ఒడ్డు విరిగి పడుతుంది.

బంకిం 1860లో అప్పటి మేదినీపూర్ జిల్లాలోని నెగువాలో డిప్యూటీ మేజిస్ట్రేటుగా పనిచేశాడు. అక్కడ రాత్రివేళ ఒక కాపాలికుడు ఆయన్ను కలవడానికి వచ్చేవాడని తమ్ముడు పూర్ణచంద్ర రాసిపెట్టాడు. పుట్టినప్పటి నుంచి సముద్రతీరపు అడవిలో కాపాలికుడి దగ్గరే పెరిగిన ఆడపిల్ల, ఆ తరువాత పెళ్ళి చేసుకుని ఊళ్ళోకి వస్తే మారుతుందా అని బంకిం తన మిత్రుడు దీనబంధు మిత్రను అడిగాడట. ఇది ప్రేమకథ వేసుకున్న ప్రశ్నలా వినిపించినా, లోపల ఉన్నది మతానికి సంబంధించిన ప్రశ్న. దేవతను తల్లిగా ఎరిగిన మనసు మనిషి ప్రేమలో ఇముడుతుందా?

ఈ నవల బొమ్మల కథగా కూడా వచ్చింది. అనంత్ పై 1967లో మొదలుపెట్టిన అమర చిత్రకథ మాలికలో శకుంతల, నలదమయంతులు ఉన్నట్టే బంకిం ‘కపాలకుండల’, ‘ఆనందమఠం’, ‘దేవీ చౌధురాణి’ కూడా ఉన్నాయి. నవలను 32 పేజీల్లోకి కుదించడంలో ఏం పోయిందన్న లెక్క ఇక్కడ అక్కర్లేదు. కుదింపు ఏ అనువాదంలోనైనా, ఏ సినిమాలోనైనా ఉంటుంది. కష్టమైన చిక్కు వేరేచోట ఉంది.

నవల చివర కపాలకుండల రాత్రివేళ నడుస్తూ తల ఎత్తుతుంది. మేఘాల వన్నెలో భైరవి కనిపిస్తుంది ఆమెకు, చేయెత్తి రమ్మని పిలుస్తున్నట్టు. వాక్యం అక్కడ ఆమె కళ్ళలోంచి మాత్రమే చూస్తుంది. అది అమ్మవారి పిలుపా, చిన్నప్పటి నుంచి బలిపీఠం పక్కన పెరిగిన మనసు పుట్టించుకున్న రూపమా అన్నది బంకిం తేల్చలేదు. ఆస్తికుడు ఒక నవల చదువుతాడు, నాస్తికుడు ఇంకొకటి చదువుతాడు. రెండూ అవే అక్షరాలు. ఇప్పుడు చిత్రకారుడి బల్ల దగ్గరికి రండి. ఆకాశంలో భైరవిని గీశాడా, ఆమె ఉన్నట్టే. కపాలకుండల పక్కనే, అదే సిరాతో, అంతే గట్టి గీతతో ఉన్న దేవిని చదువరి సాక్షిగా చూస్తాడు. గీయలేదా, అమ్మాయి ఖాళీ ఆకాశం కేసి చూస్తున్నట్టు ఉంటుంది. ఆమె పిచ్చిదని తీర్పు చెప్పినట్టే. మాట తప్పించుకోగలిగిన తీర్పును బొమ్మ తప్పించుకోలేదు.

ఈ భయం కొత్తది కాదు. ఫ్లోబేర్ తన నవలలకు బొమ్మలు వేయనివ్వలేదు. గీసిన స్త్రీ ఒక్క స్త్రీలాగే ఉంటుందని, రాసిన స్త్రీ ఎందరినో తలపించగలదని ఆయన వాదన. అది ప్రేయసి ముఖం గురించి ఆయన పడిన బెంగ. మన దగ్గర అదే బెంగ దేవుడి ముఖం గురించి ఏనాడో మొదలైంది. విష్ణుధర్మోత్తర పురాణం మూడో ఖండంలో వజ్రుడనే రాజు మార్కండేయుణ్ణి అడుగుతాడు: రూపం లేని పరమాత్మకు రూపం ఎలా చేస్తారు? నిరాకారాన్ని పట్టుకోవడం దేహం ఉన్నవాళ్ళకు కష్టమని, కనిపించే జగత్తే ఆయన రూపమని ఋషి సమాధానం. బొమ్మ తప్పు కాదు, అవసరం. ఆ జవాబు ఇప్పటికీ సరిపోతుంది. కాకపోతే అందులో సగమే ఉంది. మిగతా సగం మన పూజలో ఉంది.

వినాయక చవితినాడు మట్టి విగ్రహంలోకి దేవుణ్ణి ఆవాహన చేస్తాం, పూజ ముగిశాక ఉద్వాసన చెప్తాం. బెంగాల్‌లో పది చేతుల దుర్గ దశమినాడు నీళ్ళలో కలిసిపోతుంది. ఉత్తరాంధ్ర గ్రామదేవత ఘటంలోకి, వేపకొమ్మలోకి వచ్చి పోతుంది, ఆమెకు ముఖమే అక్కర్లేదు. తెలంగాణ చేర్యాల పటాల సంప్రదాయంలో చిరిగిపోయిన పాత పటాన్ని పూజ చేసి నదిలో కలపడం ఆచారం. ఇవన్నీ ఒకే జాగ్రత్తను పాటిస్తాయి. దేవుణ్ణి రూపంలోకి పిలవవచ్చు, ఆ రూపంలోనే బంధించకూడదు. అచ్చేసిన కామిక్ పేజీకి ఈ రెండో క్రియ లేదు. భైరవి ఒకసారి పేజీ మీదికి వస్తే అట్ట చిరిగే దాకా అక్కడే నిలబడి ఉంటుంది. అడగవలసిన ప్రశ్న ఇది: బొమ్మల కథలో ఉద్వాసన ఎలా చెప్పాలి?

జవాబు వెతకడానికి ఖరగ్‌పూర్ నుంచి మరీ దూరం పోనక్కర్లేదు. ఇదే పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో, పింగ్లా దగ్గర నయా గ్రామంలో పటువాలు ఉన్నారు. ఇంటిపేరు చిత్రకర్. పొడవాటి పటం మీద ఒకదాని కింద ఒకటిగా గడులు గీసి, ఒక్కో గడి విప్పుతూ, వేలితో చూపిస్తూ పాట పాడతారు. మనసా మంగళ కావ్యంలోని బెహులా, లఖీందర్‌ల కథ వాళ్ళకు బాగా ఇష్టమైన పటం. పెళ్ళిరాత్రే పాము కాటుకు చనిపోయిన భర్త శవంతో అరటిబోదెల తెప్ప మీద దేవతల దగ్గరికి ప్రయాణం చేసిన భార్య ప్రేమకథ అది. ఆ పటువాల్లో చాలామంది ముస్లింలు. నమాజు చేసే చేతులే మనసాదేవిని, దుర్గను గీస్తాయి. దేవుడికి ప్రతిమ కూడదన్న మతమూ, ప్రతిమే ఆధారమన్న మతమూ ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నాయి. అదెలా కుదిరిందో పటం విప్పే తీరును చూస్తే కొంత తెలుస్తుంది. పై గడి చుట్టలోకి వెళ్ళిపోతేనే కింది గడి వస్తుంది. దేవి కనిపిస్తుంది, పాట సాగుతుంది, దేవి వెళ్ళిపోతుంది. చూసినవాడికి మిగిలేది పాటా, తలపూ.

సంస్కృత నాటకకర్తలకు కూడా ఈ సంగతి బాగా తెలుసు. భవభూతి ఉత్తరరామచరితం మొదటి అంకంలో లక్ష్మణుడు సీతారాములకు వాళ్ళ కథనే వరుస బొమ్మలుగా చూపిస్తాడు. ఒక రకంగా అదే మన సాహిత్యంలో తొలి చిత్రకథా పఠనం. శూర్పణఖ బొమ్మ చూసి సీత బెదిరిపోతుంది. ఇది చిత్రమేనని రాముడు ఊరడించాలి. శాకుంతలం ఆరో అంకంలో దుష్యంతుడు తాను గీసిన శకుంతల ముఖం మీద వాలిన తుమ్మెదను తరుముతాడు. బొమ్మ అని విదూషకుడు గుర్తుచేస్తే విరహం రెట్టింపవుతుంది. రెండుచోట్లా బొమ్మ నిజమై కూర్చుంటుంది, పక్కనున్న ఒక మనిషి దాన్ని తిరిగి బొమ్మగా మారుస్తాడు. ఉద్వాసన చెప్పే మనిషిని నాటకమే పెట్టుకుంది.

కామిక్‌లో ఆ మనిషి లేడు గానీ ఒక చోటు ఉంది. గడికీ గడికీ మధ్య తెల్లగా వదిలేసే సందు. స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో రాసిన కామిక్స్ గురించిన పుస్తకంలో కథ అసలు జరిగేది ఆ సందులోనేనని, అక్కడ చదువరి మనసే పని చేస్తుందని వాదించాడు. తొమ్మిదో శతాబ్దపు ఆనందవర్ధనుడు చెప్పిన ధ్వనికి ఇది దగ్గరి బంధువు: చెప్పిన అర్థం ఆగిన చోట చెప్పని అర్థం మోగాలి. ‘కపాలకుండల’ లాంటి కథను గీసేవాడికి భైరవిని ఎంత అందంగా వేశాడన్నది రెండో పరీక్ష. ఆమె ఉన్న గడి నుంచి తరువాతి గడికి మధ్య సందేహం నిలిచే చోటు వదిలాడా అన్నది మొదటిది. ఒక గడిలో మేఘం, తరువాతి గడిలో ఆ అమ్మాయి ముఖం, దాని తరువాత ఆమె వేసిన అడుగు. మేఘంలో దేవి గీత తెగీ తెగనట్టు ఉంటే చాలు. దీన్ని దాటవేత అనుకోనక్కర్లేదు. నమ్మకాన్ని ఆమెకే వదిలిపెట్టడం ఇది, నవలాకారుడు చూపించిన మర్యాద కూడా అదే.

బొమ్మ మాటకన్నా పైచేయి అయ్యే చోటు కూడా ఈ నవలలోనే ఉంది. అత్తవారింటికి బయలుదేరే ముందు కపాలకుండల అమ్మవారి పాదాల మీద బిల్వపత్రం పెడుతుంది. అది జారి పడిపోతుంది. దేవి ఒప్పుకోలేదని ఆ పిల్ల భయపడుతుంది. ఆకు బరువుకు పడిందా, దేవి తోసిందా? రాస్తే ‘పడిపోయింది’ అని రాయాలి, ఆ క్రియలో ఏదో ఒక పక్షం తొంగిచూస్తుంది. గీస్తే ఒక గడిలో ఆకు పాదం మీద ఉంటుంది, తరువాతి గడిలో నేల మీద ఉంటుంది. నడుమ జరిగింది ఎవరికీ తెలియదు. పైన ఒక్క వ్యాఖ్య కూడా అక్కర్లేదు. అక్కడ వ్యాఖ్య పెట్టిన ప్రతి అనుసరణా ఆ ఆకును పాడుచేసినట్టే.

తెలుగువాళ్ళకు బెంగాలీ ప్రేమకథలు బొమ్మలతో కలిసి రావడం అలవాటే. మదనపల్లె శానటోరియంలో ఉండగా బెంగాలీ నేర్చుకుని శరత్ నవలలను తెలుగు చేసిన చక్రపాణి, బి. నాగిరెడ్డితో కలిసి 1947 జూలైలో ‘చందమామ’ పెట్టాడు. ఆ పత్రికలో బంకిం ‘దుర్గేశనందిని’ సీరియల్‌గా వచ్చింది, దాని కొనసాగింపుగా ‘నవాబునందిని’ కూడా వచ్చింది. చందమామ బొమ్మ పేజీలో ఒక పక్కకు ఒదిగి ఉండేది, మిగతాదంతా అక్షరాలు. దుర్గం, గుర్రం, తలపాగా బొమ్మలో ఉండేవి, మనసు మాత్రం వాక్యంలోనే ఉండేది. ఆ పొందిక మీద పెరిగిన చదువరికి నిండు కామిక్‌లో అన్నీ ఎదురుగా కనిపించడం కొంచెం ఇరుకుగా తోస్తే అది వట్టి పాతకాలపు మమకారం కాదు.

‘నవాబునందిని’ రాసింది బంకిం కాదు, దామోదర్ ముఖోపాధ్యాయ. ఆయనే ‘కపాలకుండల’ కథను కూడా ‘మృణ్మయి’ పేరుతో పొడిగించాడు. బంకిం తన కథను నదిలో వదిలేశాడు. ఒడ్డు కూలి కపాలకుండల నీళ్ళలో పడింది, నవకుమారుడు వెనకే దూకాడు, వెతికాడు, ఆమె దొరకలేదు, అతనూ పైకి రాలేదు. ఆ తరువాత ఏమైందో తెలియకపోతే కొందరు చదువరులకు నిద్రపట్టదు, దామోదర్ వాళ్ళ కోసం రాశాడు. రేపు ఈ కథను మళ్ళీ గీసే చిత్రకారుడికి కూడా చివరి గడి దగ్గర అదే ఒత్తిడి వస్తుంది. నీళ్ళపైన ఒక చెయ్యో, మేఘంలో తృప్తిగా నవ్వే భైరవో వేయాలనిపిస్తుంది. బంకిం అక్కడ రాసింది ప్రవాహం గురించి, గాలి గురించి. గీయవలసిందీ ఆ రెండే.